ఎదురింటి అంకుల్ పోయించిన పెట్రోలు

నా చిన్నప్పుడు, ఆగస్టు నెల రెండవ శనివారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు, మా అమ్మ నన్ను ఇంటి ముందు డ్రైవ్‌వే పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురింటి అంకుల్ మీద నిఘాకు నియమించింది. అప్పుడు నేను ఆరో తరగతి చదువుతున్నాను. నా ఒళ్ళో లెక్కల పుస్తకం పెట్టి, చెవి దగ్గరకు వంగి మెల్లగా ఇలా చెప్పింది: "చదువుకుంటున్నట్టు ఉండు. కళ్ళు మాత్రం ఆయన చేతుల మీదే ఉండాలి. కారులోంచి తీసిన పాత ఫిల్టర్ ఆయన పట్టుకుపోకూడదు. పట్టుకుపోతుంటే వెంటనే నన్ను పిలువు."

ఆ ఫిల్టర్ అంటే ఏమిటో నాకు తెలియదు. అది ఆయన చేసిన తప్పుకు సాక్ష్యమని మాత్రం అమ్మ మాటల వల్ల అర్థమైంది.

అప్పట్లో మేము మెల్‌బోర్న్ పడమటి వైపు పాయింట్ కుక్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. నాన్నగారు ఒక బేకరీలో పనిచేసేవారు. సహోద్యోగి కారులో తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగివచ్చి నిద్రపోయేవారు. అమ్మ నదికి అవతల, నగరంలోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఉద్యోగం చేసేది. ఇంటికి ఉన్న ఒకే ఒక్క పాత తెల్ల కారు ఆమె ఉద్యోగానికే సరిపోయేది. మా ఇంట్లో అప్పటికి ఎవరూ కాలేజీ మెట్లు ఎక్కలేదు. ఎదురింటి వారు మాకంటే చాలా ముందు వచ్చి స్థిరపడినవారు. అంకుల్ ఏదో ఆఫీసులో ఉద్యోగి. ఆంటీ ఇంట్లోనే ఉండేది. బడి వదిలిన తరువాత అమ్మ వచ్చేవరకు నేను వారింట్లోనే ఉండేదాన్ని. అక్కడే అన్నం, అక్కడే హోంవర్క్. ఆంటీ జడ వేస్తూ తెలుగు అక్షరాలు దిద్దించేది. నేను కాస్తో కూస్తో ఈ భాషలో రాయగలుగుతున్నానంటే, దానికి మొదటి కారణం ఆ ఇంటి వంటగది బల్ల.

ఆ శనివారానికి పది రోజుల ముందు అంకుల్ మా కారు అడిగి తీసుకున్నారు. ఆయన కారు సర్వీసింగ్‌లో ఉంది. భారతదేశం నుంచి వస్తున్న అత్తగారిని విమానాశ్రయం నుంచి తీసుకురావాలి. సాయంత్రానికి కారు తిరిగి వచ్చింది. ఒకరి బండి వాడుకుంటే ట్యాంకు నింపి ఇవ్వడం మా తెలుగు కుటుంబాల్లో మర్యాద. ఆయన పూర్తిగా నింపి ఇచ్చారు. మీటరు ముల్లు అంత పైకి వెళ్ళడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కారు అమ్మ నడిపినా, పెట్రోలు పోయించేది నాన్నగారే; ఆయనకు ట్యాంకు నింపే అలవాటు లేదు. ఈ నగరంలో పెట్రోలు ధర కొన్ని వారాలు దిగుతూ వచ్చి, ఒక్కసారిగా ఎగబాకుతుంది. ధర బాగా దిగే రోజు కోసం ఎదురుచూస్తూ, ఎర్ర దీపం వెలిగినా కారు నడిపించడం ఆయన పద్ధతి.

మరుసటి ఉదయమే కారు మొరాయించింది. మామూలు రోడ్డు మీద బాగానే నడిచిన కారు, నది మీది ఎత్తైన వెస్ట్‌గేట్ వంతెన ఎక్కుతుండగా గుక్క తిప్పుకోలేనట్టు కుదుపులు ఇచ్చిందట. వెనుక లారీ హారన్ మోగిస్తూనే ఉందట. అమ్మ వంతెన దిగేసరికి చేతులు చెమటలు పట్టాయని సాయంత్రం చెప్పింది. రెండో రోజూ అదే తంతు. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మ తన అనుమానం బయటపెట్టింది.

"మొన్నటిదాకా బాగున్న కారు, ఆయన చేతికి వెళ్ళి రాగానే ఎందుకు పాడైందంటారు? చవగ్గా దొరికిందని ఏ పిచ్చి పెట్రోలో కొట్టించాడు. లేకపోతే పొరపాటున డీజిల్ పోయించాడు. అది కప్పిపుచ్చుకోవడానికే ఫుల్ చేశాడు."

"పాత కారు కదా, అలాగే ఉంటుంది," అన్నారు నాన్నగారు. తల ఎత్తలేదు.

"విమానాశ్రయానికి వెళ్ళి రావడానికి అంత పెట్రోలు అవుతుందా? లెక్క ప్రకారం పోయిస్తే మర్యాద. లెక్కకు మించి పోయిస్తే ఏదో ఉందనే."

నాన్నగారు అన్నంలో మజ్జిగ పోసుకున్నారు. అమ్మ అనుమానం మాత్రం రోజుకో ఆకు తొడిగింది. వీధిలో కనబడినప్పుడు ఆయన ఎక్కువగా నవ్వారని ఒక రోజు, అసలు నవ్వకుండా వెళ్ళిపోయారని మరో రోజు అమ్మకు సందేహం కలిగేది. ఆంటీ పంపిన పులిహోర గిన్నె చూసి, "ఇప్పుడే ఎందుకు పంపింది?" అన్నది. చివరికి నన్ను కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది: ఇది ఆయన పనే అని తేలితే సోమవారం నుంచి నేను ఆ ఇంటి గడప తొక్కకూడదు. బడిలోనే సాయంత్రం వరకు పిల్లల్ని చూసుకునే చోట ఉండాలి.

ఆంటీని వదులుకోవడం ఊహించుకోలేకపోయాను. అయినా అమ్మ మాటలు రోజూ వింటూ ఉండడం వల్ల, నాకూ అంకుల్ ఎదుట పడినప్పుడు ఏదో తేడాగా అనిపించసాగింది. లెక్కలు చెబుతూ ఆయన పెన్ను కింద పెట్టి కిటికీ వైపు చూస్తే, ఏం దాస్తున్నారో అనుకునేదాన్ని.

కారు కుదుపుల సంగతి నేనే ఆంటీ దగ్గర నోరు జారాను. శుక్రవారం సాయంత్రం అంకుల్ మా తలుపు తట్టారు. ఆయనది కరీంనగర్ వైపు. ఎన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నా మాటతీరు మారలేదు.

"మీ కారు ఎత్తు ఎక్కుతుంటే ఝట్కాలు ఇస్తుందట గదా. ఫ్యూయల్ ఫిల్టర్ జామ్ అయినట్టుంది. రేపు నేను మారుస్త. కొత్తది తెచ్చిన."

అమ్మ నోరు తెరిచేలోగా నాన్నగారు, "చాలా థాంక్సండీ, పొద్దున్నే పెట్టుకుందాం," అనేశారు. తలుపు మూసిన తరువాత అమ్మ ఆయన వైపు తిరిగింది. "అడగకుండానే ఎందుకొచ్చాడు? అడగకుండానే కొత్తది ఎందుకు కొన్నాడు? మెకానిక్ చూస్తే బండారం బయటపడుతుందని! పాతది మాయం చేసేస్తే ఇక మనం ఏం నిరూపిస్తాం?" నా నిఘా ఉద్యోగం అలా వచ్చింది.

శనివారం ఉదయం అంకుల్ వచ్చిన వేషం తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. గిన్నెలు తోముకునే పసుపుపచ్చ గ్లోవ్స్ చేతులకు, ఈతకొలను కళ్ళద్దాలు కళ్ళకు, చంకలో లైబ్రరీ నుంచి తెచ్చిన కారు మరమ్మతుల పుస్తకం. ఆయన మెకానిక్ కాదు. ఈ దేశంలో కూలి భరించలేక పుస్తకం చూసి నేర్చుకున్న చాలామందిలో ఒకరు. ప్రతి పేరా రెండుసార్లు పైకి చదివి, తరువాత చేయి పెట్టేవారు. ముఖం ఎందుకు దాచుకున్నారా అని నేను పుస్తకం చాటు నుంచి ఆలోచిస్తున్నాను.

మొదట కారును గ్యారేజీలోంచి బయటకు తోయించారు. లోపలైతే పెట్రోలు ఆవిరి నిలిచిపోతుందని, ఆరుబయటే చేయాలని నాన్నగారితో అన్నారు. మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి తెచ్చి గడ్డి మీద నిలబెట్టారు. తరువాత డాష్‌బోర్డు కింద తల దూర్చి చిన్న ముక్కనొకదాన్ని పీకి జేబులో వేసుకుని, కారు స్టార్ట్ చేశారు. ఇంజను కొద్దిసేపు నడిచి, దగ్గినట్టు చప్పుడు చేసి చచ్చిపోయింది. మళ్ళీ తాళం తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు.

నేను లోపలికి పరుగెత్తాను. "అమ్మా, హీ టుక్ సమ్‌థింగ్ అవుట్! కార్ చచ్చిపోయింది!" అమ్మ కిటికీ బ్లైండ్ ఒక రెక్క ఎత్తి చూసింది. "చూడు, చూడు. వదలకు," అని నన్ను మళ్ళీ పంపింది.

తిరిగి వచ్చి కుర్చీలో కూర్చునేసరికి అంకుల్ నా వైపే చూస్తున్నారు. ఈత కళ్ళద్దాల వెనుక ఆయన కళ్ళు చేప కళ్ళలా ఉన్నాయి.

"అంత దూరంకెల్లి ఏం కనవడ్తది బిడ్డా? మీ అమ్మ చూడమన్నది గదా. దగ్గరికొచ్చి మంచిగ చూడు."

"ఐయామ్ జస్ట్ స్టడీయింగ్, అంకుల్."

"పుస్తకం తలకిందులు పట్టుకొనా?"

నా చెంపలు మండిపోయాయి. ఆయన కోప్పడలేదు. ఇంటికి పరుగెత్తి ఆంటీ చేత ఇంకో జత గ్లోవ్స్, వారి అమ్మాయి చిన్ననాటి ఈత కళ్ళద్దాలు తెచ్చి నాకు తొడిగారు. బానెట్ పక్కన నిలబెట్టి, జేబులోని ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. అది పెట్రోలు పంపుకు కరెంటు ఇచ్చే ఫ్యూజు. గొట్టాల్లో పెట్రోలు ఒత్తిడితో నిండి ఉంటుందని, పంపు ఆపి ఇంజనును దానంతట అది ఆగిపోనిస్తే ఆ ఒత్తిడి దిగిపోతుందని చెప్పారు. "కుక్కర్‌ల ఆవిరి పోకముందే మూత తీస్తే ఏమైతది? ముఖం మీదికే గదా వచ్చేది. గిదీ గంతే." ఇంజనును చంపడం కుట్ర కాదని, జాగ్రత్త అని నాకు అప్పుడు తెలిసింది. అయినా పూర్తిగా నమ్మలేదు. సర్దిచెప్పే మాటలు ఎవరైనా చెప్పగలరు అని అమ్మ అంటూ ఉండేది.

ఆ తరువాత ప్రతి పనికీ ఆయన నన్ను సాక్షిగా పెట్టుకున్నారు. బ్యాటరీ తీగ విప్పి పక్కకు తోసినప్పుడు, "చూసినవా?" అన్నారు. పెట్రోలు మూత వదులు చేసినప్పుడు, "చూసినవా?" అన్నారు. ఇంజను వెనుక గోడకు బిగించిన పిడికిలంత ఇనుప డబ్బాను చూపించి, అదే ఫిల్టర్ అని చెప్పి, దాని మీద బాణం గుర్తు ఎటు ఉందో నా చేత చెప్పించారు. ట్యాంకు వైపు నుంచి ఇంజను వైపుకు. పెట్రోలు అటే పోతుందని, దారిలో ఉన్న చెత్తంతా ఈ డబ్బాలోని కాగితం పొరల్లో చిక్కుకుంటుందని, పొరలు నిండిపోతే చదును దారిలో ఎలాగో నడిచినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు చాలినంత పెట్రోలు అందదని వివరించారు. కింద పాత గుడ్డలు పరిచి, క్లిప్పులు ఊడదీశారు. ఘాటైన వాసన వచ్చింది. కొద్దిగా పెట్రోలు గుడ్డల మీద కారింది. డబ్బా ఆయన చేతిలోకి వచ్చింది. దాని రెండు మూతులనూ వెంటనే వేళ్ళతో మూశారు.

అప్పటిదాకా గడ్డి మీద నిలబడి ఊరికే చూస్తున్న నాన్నగారు ముందుకు వచ్చారు.

"అది ఇలా ఇవ్వండి. నేను బిన్‌లో పడేస్తాను."

"నో!" అని అరిచాను. "అమ్మా! అమ్మా!"

ఎవరి మీద అరుస్తున్నానో నేను ఆలోచించలేదు. పాత ఫిల్టర్ పోకూడదన్న ఒక్క మాటే నాకు ఇచ్చిన ఆజ్ఞ. కానీ నాన్నగారి ముఖం చూశాక, నేను వేరే ఎవరినో పట్టుకున్నానని లీలగా తోచింది. ఆయన చేయి గాలిలో అలాగే ఆగిపోయింది.

అమ్మ చెప్పులు లేకుండానే బయటకు వచ్చింది. అంకుల్ ఆ డబ్బాను నాన్నగారికి ఇవ్వలేదు, తన దగ్గరా ఉంచుకోలేదు. "అక్కా, తెల్లటి డబ్బా ఏమన్న ఉందా? మళ్ళ వంటకు వాడనిది," అని అడిగారు. వయసులో ఆయనే పెద్ద. అయినా అమ్మను అక్కా అనే పిలిచేవారు. అమ్మ ఇడ్లీ పిండి కోసం దాచిన ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఒకటి తెచ్చింది. ఆయన తన గ్లోవ్స్ విప్పి అమ్మకు ఇచ్చి, ఫిల్టర్ ఆమె చేతిలో పెట్టారు.

"మీరే ఒంపుండ్రి. ట్యాంకు దిక్కున్న మూతికెల్లి ఒంపాలె. పట్టుకున్న చెత్తంత అటే ఉంటది."

అమ్మ ఆయన వైపు ఒకసారి చూసింది. తరువాత ఒంపింది.

మొదట పెట్రోలు రంగే వచ్చింది. తరువాత టీ డికాషన్ వంటి చిక్కని గోధుమ రంగు. ఫిల్టర్‌ను తట్టగానే పొరలుపొరలుగా ఎర్రటి రజను రాలి తెల్లటి అడుగున పరుచుకుంది. దాని నడుమ నీటి బొట్లు పెట్రోలులో కలవకుండా గుండ్రంగా దొర్లాయి. రజనులో అక్కడక్కడా ముదురాకుపచ్చ రంగు పెచ్చులు కూడా ఉన్నాయి.

"ఏంటిది?"

"తుప్పు. నీళ్ళు."

అమ్మ వారం రోజులుగా మా ముందు మాత్రమే అంటున్న మాట చివరికి ఆయన ముందే అనేసింది. "మీరు పోయించిన పెట్రోల్లోదా?"

నేను ఎదురింటికి వెళ్ళే దారి ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. ఆయన లేదని చెబితే అమ్మ నమ్మదు. అవునంటే అంతా అయిపోతుంది.

"నేను చూసి పోయించలే గదా అక్కా, నా పెట్రోలు సుద్దంగ ఉండెనని ఒట్టేసి చెప్పలేను. కానీ ఒక్క ట్యాంకుతోని ఇంత తుప్పు చేరదు. ఇది చాన రోజులకెల్లి చేరింది. నేను నిండుగ పోయించిన్నాడు అడుగున పడి ఉన్నదంత లేచి ఉంటది. అది మాత్రం నా వల్లనే."

అంతే అన్నారు. ఆకుపచ్చ పెచ్చుల సంగతి ఎత్తలేదు. మరమ్మతుల పుస్తకం తెరిచి, ఎవరూ అడగని పేరా ఏదో చదువుకోసాగారు.

నాన్నగారు ఇంటి పక్క సందులోంచి వెనుకకు వెళ్ళారు. షెడ్డు తలుపు కిర్రుమనడం వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో పాత ఇనుప క్యాను ఉంది. ముదురాకుపచ్చ రంగు. మాకంటే ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవారు వదిలి వెళ్ళిన క్యాను. మూతి చుట్టూ రంగు పెచ్చులూడి తుప్పు పట్టి ఉంది. దాన్ని ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన పెట్టారు.

"ఆయన కాదు. నేనే."

ధర దిగిన రోజున ఆ క్యానులో నింపి షెడ్డులో దాచుకునేవారట. ధర ఎక్కిన వారాల్లో, అమ్మ నిద్ర లేవకముందే, గరాటుతో కారులో పోసేవారట. ఇంటి వెనుక పెట్రోలు నిల్వ పెట్టడం ప్రమాదమని అమ్మ మొదట్లోనే వద్దన్నది కాబట్టి చెప్పలేదట. చలికాలమంతా వానలకు ఆ షెడ్డు చెమ్మగానే ఉండేది.

అమ్మ గ్లోవ్స్ మెల్లగా విప్పింది. "పెట్రోలు దాచారు, సరే," అన్నది. "వారం రోజుల నుంచీ నేను ఈయన్ని అంటుంటే, మీరు ఎదురుగా కూర్చుని అన్నం తింటూ విన్నారు."

నాన్నగారు వంగి క్యాను మూత బిగించారు. నాకు అంకుల్ మీద పెంచుకున్న సందేహాలన్నీ గుర్తుకు వచ్చాయి. ఆయన నవ్వినా, నవ్వకపోయినా తప్పుగానే తోచింది. చూడవలసిన వస్తువు మాత్రం అంతకాలమూ మా కారు బానెట్ కిందే ఉంది. మాలో ఎవరమూ ఆ బానెట్ ఎత్తి చూడలేదు.

"పని సగంల ఉన్నది," అన్నారు అంకుల్, పుస్తకం మూసి. కొత్త ఫిల్టర్ బిగించే ముందు దాన్ని అమ్మకు చూపించారు. "బాణం సక్కగున్నదా? మీరు చూసి చెప్తేనే పెడ్త. మళ్ళ రేపు ఏమన్న అయితే నా మీదికి రావద్దు." అలా అంటూ నవ్వారు. మొదటిసారి అమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. బాణాన్ని ఒకటికి రెండుసార్లు చూసి తల ఊపింది. క్లిప్పులు బిగిశాయి. బ్యాటరీ తీగ, ఫ్యూజు వాటి చోట్లకు చేరాయి. ఇంజను తిప్పకుండా తాళం మాత్రం రెండుసార్లు వేసి ఆపారు, గొట్టాలు మళ్ళీ నిండడానికి. గొట్టం అతుకుల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూసే పని నాకు ఇచ్చారు. తడి లేదని చెప్పాక స్టార్ట్ చేశారు. మొదట తడబడిన ఇంజను తరువాత నిలకడగా నడిచింది. అయినా ఆయన, ట్యాంకు అడుగున ఇంకా చెత్త ఉండవచ్చునని, కొన్నాళ్ళకు ఈ ఫిల్టర్ కూడా మళ్ళీ మార్చవలసి రావచ్చునని, కుదిరితే మెకానిక్ దగ్గర ట్యాంకు కడిగించమని చెప్పారు. పాత పెట్రోలును మూత ఉన్న డబ్బాలో పోసి, కాలువలో పారబోయకుండా కౌన్సిల్ వారి సేకరణ కేంద్రానికి ఇవ్వాలని నాన్నగారికి అప్పగించారు. నాన్నగారు రెండు చేతులతో అందుకున్నారు.

అమ్మ క్షమించమని అడగలేదు. ఆమెకు ఆ మాట అంత తేలికగా రాదు. ఆయన సామాను సర్దుకుంటుండగా, ఆయనకు వినపడేలా నాతో అన్నది: "సోమవారం బడి అవగానే ఆంటీ వాళ్ళింటికి వెళ్ళు."

అంకుల్ వీధి దాటుతూ వెనక్కు తిరిగారు. "మరి ఎక్కడికి పోతదనుకున్నరు?"

ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో నేను ఎన్నడూ అడగలేదు. తరువాత కొన్నేళ్ళకు నేను మా కుటుంబంలో మొదటిసారిగా విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. ఇప్పుడు చేసే ఉద్యోగంలో ఇతరుల పనిలో లోపాలు వెతకడం నా బాధ్యత. అనుమానపడడం నా వృత్తి అయింది. ఎవరి మీదైనా సందేహం కలిగినప్పుడు దూరంగా కూర్చుని వారి ముఖకవళికలను లెక్కపెట్టాలన్న కోరిక నాకు ఇప్పటికీ పుడుతుంది. అప్పుడు లేచి వారి బల్ల దగ్గరకు నడుస్తాను. "నాకు ఇక్కడ సందేహంగా ఉంది, ఇద్దరం కలిసి చూద్దామా?" అని అడుగుతాను. సందేహించబడినవాడే సందేహించినవారికి చోటిచ్చి పక్కన నిలబెట్టుకోవడం ఎంత పెద్ద మనసో, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు తెలియలేదు. నేను ఆ పని ఆయనంత దయగా చేయలేను. కానీ దగ్గరకు వెళ్ళడం మాత్రం మానలేదు.

ఆ శనివారం తరువాత నాన్నగారు ట్యాంకును సగానికి తగ్గనివ్వలేదు, క్యానును మళ్ళీ ఇంటికి తేలేదు. అమ్మ ఎవరిని అనుమానిస్తే వారినే నేరుగా అడగడం మొదలుపెట్టింది. అందువల్ల కొందరు స్నేహితులు దూరమయ్యారు, మిగిలినవారు దగ్గరయ్యారు. నేను పన్నెండో తరగతి పూర్తయ్యేవరకు ఎదురింట్లోనే చదువుకున్నాను.